రాజమహేంద్రవరపు స్వదేశీ కలము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయము నెలకొల్పి 25 సంవత్సరములు నిండిన ఈ శుభదినమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. నేను ఉపన్యాసకుడను కాను. ముప్పదియేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, ఉద్యోగము విరమించి, సాయంకాలములందు ఈ అరుగుమీద కూర్చుండి పత్రికలు చదువుకొనుచున్నవాడను. ఏమి చెప్పవలెనో తోచక, మన చందాదారులు ఏ పుస్తకములను ఎక్కువగా తీసికొనిపోవుచున్నారో చూతమని పుస్తకముల రిజిస్టరు తెప్పించి చూచితిని. నవలల తరువాత పద్దులు ఎక్కువగా నున్నవి కంప్యూటరు కంపెనీలు స్థాపించి కోటీశ్వరులైన వారి జీవితములు. వారు ఎట్లాలోచించిరి, పోటీదారులను ఎట్లు గెలిచిరి, తమక్రింది వారిని ఎట్లు నడిపిరి అను విషయములే ఆ పుస్తకములనిండ నున్నవి. వానిలో కొన్నింటిని నేనును చదివితిని. కొన్ని బాగుగనే యున్నవి.

రిజిస్టరులో తరచుగా కనబడు ఒక కుర్రవాడు ఆనాడు నా ప్రక్కనే నిలిచియుండెను. ఇంజనీరింగు చదువుచున్నాడు. అతడు నన్నడిగినాడు: "మాస్టారూ, ఈ పుస్తకాల్లో మనవాళ్లు ఒక్కరూ లేరేమండీ? మన గోదావరి గట్టున అలాంటివాడే పుట్టలేదా?"

పుట్టినాడని చెప్పితిని. ఎవరని అడిగినాడు. కలముల రత్నముగారు అంటిని. అతనికి నవ్వు వచ్చినది. కలము చేయుట కంప్యూటరు చేయుటతో సమానమా అని అతని భావము. ఆ నవ్వునకు సమాధానముగా ఈ నాలుగు మాటలు చెప్పదలచితిని.

ముందుగా ఫౌంటెను పెన్ను సామాన్య వస్తువు కాదని మనవి చేయవలెను. ఈనాడు జేబులో చరవాణి యున్నట్లు ఆనాడు చదువుకొన్నవాని జేబులో కలముండెడిది. దానిని చూచియే మనిషి అంతస్తును కొలిచెడివారు. అది పనిచేయు విధమును మీరెప్పుడైన గమనించితిరా? నీళ్లసీసాను బోర్లించినచో నీరు గడగడమని దిగును. దిగిన నీటికి బదులు గాలి లోనికి పోవుచుండుటయే ఆ గడగడ. కలములో సిరా అట్లు దిగినచో కాగితమంతయు మరకయే యగును. గాలి పోకున్నచో చుక్కయైనను దిగదు. ఈ రెంటికి నడుమ నిలుపవలెను. అందులకై పాళీ క్రింద నాలుకవంటి ముక్క నొకటి అమర్తురు. దానిపై వెండ్రుకవంటి గాడి యుండును. సిరా దిగుటయు గాలి యెక్కుటయు ఆ గాడి దారిననే. న్యూయార్కు నగరమున ఇన్సూరెన్సు ఏజెంటుగ నుండిన వాటర్‌మన్ అనునాతడు దీనిని చక్కబరచి 1884లో పేటెంటు పొందెను. పార్కర్ అనునాతడు నావలె పంతులే. తంతిపని నేర్పు పాఠశాలలో పాఠములు చెప్పుచు, తన విద్యార్థుల కలములు మాటిమాటికి చెడిపోవుచుండగా వానిని బాగుచేసి బాగుచేసి, తుదకు తానే 1888లో కలముల కంపెనీ పెట్టెను. చెడిపోయిన వస్తువును బాగుచేయువానికే దాని గుట్టు తెలియునని నాకెప్పుడును తోచుచుండును.

ఇక మన సంగతికి వత్తము.

కోసూరి వెంకటరత్నముగారు రాజమహేంద్రవర వాస్తవ్యులు, స్వర్ణకార వృత్తి యెరిగినవారు. ఆయన యౌవనమునందు దేశమున గొప్ప కదలిక వచ్చినది. 1921 మార్చి, ఏప్రిలు నెలల సంధిలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై, కోటిమంది సభ్యులు, కోటి రూపాయల నిధి, ఇరువదిలక్షల రాట్నములు కావలెనని తీర్మానించినది. గుండుసూది మొదలు గడియారము వరకు సీమనుండి దిగుమతి యగుచుండిన కాలమది. ఆ సంవత్సరముననే రత్నముగారు గాంధీజీని దర్శించిరనియు, దేశమున సామాన్యులకు పనికివచ్చు వస్తువును దేనినైనను చేయుమని గాంధీజీ ఆయనకు చెప్పిరనియు ఆ కుటుంబమున చెప్పుకొందురు. ఆ మాట ఆయన మనసులో నాటుకొన్నది. అయినను మొలకెత్తుటకు పదేండ్లు పట్టినది. 1932లో రాజమహేంద్రవరమున కలముల తయారీ ఆరంభమైనది. నేను పైన చెప్పిన పుస్తకములలో ఇట్టి పదేండ్లను ఒక్క వాక్యమున దాటవేయుదురు. ఆ పదేండ్లు ఒకడు నగలపని చేసికొనుచు, ఇల్లు గడుపుకొనుచు, ఒక మాటను మనసున మోయుట సామాన్యము కాదు.

కలమునకు కావలసిన కడ్డీ ఎబొనైటు అను పదార్థము. రబ్బరుకు గంధకమును హెచ్చుపాలు కలిపి చాలసేపు కాచినచో అది నల్లని కొయ్యవలె గట్టిపడును. సిరా దానిని తినలేదు. దానిని తరిమెనపై నెక్కించి పట్టినచో కొబ్బరికోరువలె రజను రాలుచు, గంధకపు వాసన కొట్టుచు, నున్నగ దిగును. లోపల తొలిచి గొట్టము చేయవలెను. గొట్టమునకు ఒక మర, మూతకు దాని జత మర కోయవలెను. మర ఒక్క పిసరు వదులైనచో చొక్కాజేబు నల్లబడును. బిగువైనచో మూత పగులును. ఇదంతయు కంటితోడను చేతితోడను కొలిచి చేయు పని. మన ఏటికొప్పాక లక్కబొమ్మల పనివారి కిట్టి విద్య యున్నదని మీకు తెలియును గాని, వారి బొమ్మ కారదు. కలము కారును. అదియే తేడా.

పాళీ సంగతి ఇంకను కష్టము. ఆకాలపు సిరాలలో పులుపు జాస్తి. ఉక్కు పాళీని అది తినివేయును. బంగారమును తినలేదు. అందుచేత మేలిరకపు పాళీలను బంగారముతో చేసెడివారు. కాని బంగారము మెత్తన. కాగితముపై రాపిడికి నాలుగు నాళ్లలో అరిగిపోవును. కనుక కొనయందు ఆవగింజకంటె చిన్నదైన గట్టిలోహపు బిందువు నతికి, దాని నడిమధ్యగ చీల్చి, రెండు పాయలను సరిసమానముగ నుంచవలెను. ఒక పాయ ఇంచుక మీదికి లేచినను కాగితమును గీరును. అప్పట్లో మనదేశపు కలములకు పాళీలు సామాన్యముగ విదేశములనుండియే వచ్చుచుండెను. పైతొడుగు ఇచ్చట చేసి, లోపలి ప్రాణమును కొని తెచ్చి అతికించి, పైన స్వదేశీ ముద్ర వేయుట సులువు. ఈనాటి సాంకేతిక పరిశ్రమలలోను ఈ విద్య తెలిసినవారు తక్కువగా లేరు.

రత్నముగారు తాము చేసిన కలములను గాంధీజీకి సమర్పించిరి. అవి అంగీకరింపబడలేదు. వానిలో విదేశీ వస్తువు కలసియున్నదను కారణమున తిరస్కరింపబడినవి.

ఇచ్చట నేను కొంచెము నిలువదలచితిని. ఒక్కసారి ఆయన స్థానమున మనలను ఊహించుకొందము. పదేండ్లు తలచి, తన చేతులతో తొలిచి, మరలు కోసి, మెరుగుపెట్టి, దేశమంతయు దేవునివలె కొలుచు పురుషునకు కానుక యిచ్చితిమి. ఆయన త్రిప్పి పంపెను. ఏల? ఏదియో ఒక చిన్న భాగము పరాయిది యగుటచేత. మనకెంత కోపము రావలెను! "అయ్యా, తొంబదిపాళ్లు నాదే కదా, ఆ కొంచెము చేయు సాధనము దేశముననే లేదు కదా" అని వాదింపవచ్చును. ఆ వాదము తప్పును కాదు. లేదా, మహాత్ముని దర్శించితిమి, కలము నిచ్చితిమి అని మాత్రము చెప్పుకొని, తిరస్కారమును మింగివేసి, దుకాణముపై బోర్డు వ్రాయించుకొనవచ్చును. ఊరిలో ఎవరు తరచి అడిగెదరు? లేదా, ఈ పని మనవలన కాదని మరల నగలపనికి పోవచ్చును. అదియు గౌరవమైన పనియే.

ఆయన ఈ మూడింటిలో ఏదియు చేయలేదు. కొరతయైనదేదో దానినే చేయ మొదలిడెను. అనగా కలమంతటిలో తనకు చేతకాని భాగముననే పట్టుకొనెను. నేను లెక్కల పంతులను గనుక ఒక మాట చెప్పెదను. తరగతిలో తెలివైన పిల్లవాడు తనకు వచ్చిన లెక్కను పదిసార్లు చేసి చూపును. బాగుపడు పిల్లవాడు రాని లెక్కను తెచ్చి ముందు పెట్టును. ముప్పదియేండ్లలో అట్టివారిని వ్రేళ్లమీద లెక్కపెట్టగలను.

స్వర్ణకారుడగుట ఆయనకు లాభించియుండునని నా ఊహ. సూక్ష్మమైన అతుకు వేయుట, సన్నని ఆకురాయి పట్టుట, ధాన్యపుగింజలో నాలుగవవంతు తూకమును కూడ పోనీయకుండుట ఆ వృత్తివారికి పుట్టుకతో వచ్చును. యుక్తి యని పుస్తకములలో పెద్దపెద్ద మాటలతో వ్రాయుదురు గాని, తన చేతిలో పూర్వమే యున్న విద్య ఎచ్చట పనికివచ్చునో చూచుకొనుటయే అందులో ముప్పాతిక పాలు. ఆయన మోటారు చేయబోలేదు, గడియారము చేయబోలేదు. బంగారపుపని చేసిన చేతికి అందుబాటులో నున్న వస్తువును ఎంచుకొనెను. ఊరును గూడ ఎంచుకొనెననవచ్చును. కందుకూరి వీరేశలింగముగారి ఊరు, కళాశాలలు, కోర్టులు, గౌతమీ గ్రంథాలయము గల ఊరు రాజమహేంద్రవరము. ప్లీడర్లు, పంతుళ్లు, కవులు వీధికి పదిమంది. కలము పనిచేయకున్న మరునాడే దుకాణము ముందుకు వచ్చి నిలదీయువారు! అట్టి కొనువారు దొరకుట పరిశ్రమకు అదృష్టము.

గాంధీజీ సిరాకలమును గూర్చి మొదటినుండియు మోజు లేనివారు, రెల్లుకలమును మెచ్చువారు. అట్టివారిని మెప్పించుట సులభము కాదు. 1934లో అఖిలభారత గ్రామోద్యోగ సంఘమేర్పడినది. దాని కార్యదర్శి జె. సి. కుమారప్పగారు. ఆయన లండనులో లెక్కల తనిఖీ విద్య నేర్చి, బొంబాయిలో ఆడిటరుగ నుండి, దానిని వదలి వార్ధా చేరినవారు. రత్నముగారు మరల చేసిన కలము కుమారప్పగారి ద్వారా గాంధీజీకి చేరినది. ఆడిటరు చేతిమీదుగ కలము పోయినదన్నమాట! ఇది నాకు మిక్కిలి ఇష్టమైన సంగతి.

1935 జులై 16వ తేదీన వార్ధానుండి గాంధీజీ రత్నముగారికి ఉత్తరము వ్రాసిరి. కుమారప్పగారి ద్వారా పంపిన కలము చేరినదనియు, దానిని వాడి చూచితిననియు, బజారులలో కనబడు విదేశీ కలములకు అది మంచి బదులుగ కనబడుచున్నదనియు దాని సారాంశము. ఎంత పొదుపుగ వ్రాసిరో చూడుడు. అద్భుతమనలేదు, లోకమున సాటిలేదనలేదు. వాడి చూచితిని, బదులుగ పనికివచ్చును, అంతే. ఇప్పటి ప్రకటనల భాషకు అలవాటుపడిన మనకు ఇది చప్పగ తోచును. కాని వాడి చూచినవాడు వ్రాసిన చప్పని మాటకు ఉన్న విలువ, వాడనివాడు వ్రాసిన పొగడ్తకు లేదు. ఆ ఉత్తరమే ఆ పరిశ్రమకు మూలధనమైనది. అనంతరము ఎందరో నాయకులు, అధికారులు, రచయితలు రత్నము కలములు వాడిరి.

నాకును అందులో కొంచెము పాలు కలదు. నేను స్కూలు ఫైనలు ప్యాసైన వేసవిలో, మా నాయనగారు దాళ్వా ధాన్యమమ్మి, నన్ను వెంటబెట్టుకొని కొవ్వూరు రేవున లాంచి యెక్కించిరి. రోడ్డు, రైలు వంతెన 1974లో గాని తెరువబడలేదు. నేను చెప్పునది దానికి ముందటి మాట. కలముల దుకాణమునకు తీసికొనిపోయిరి. దుకాణములోనివారు వెంటనే కలము చేతికీయలేదు. ఒక చీటీ ముందుంచి, "నీ పేరు వ్రాయి బాబూ" అనిరి. వ్రాసితిని. నేను చేయి ఎటు వంచుచున్నానో చూచి, పాళీని భూతద్దము క్రింద పెట్టి, సన్నని రాతిమీద రెండుమార్లు రుద్ది, మరల వ్రాయుమనిరి. ఇట్లు మూడుసార్లయినది. మా నాయనగారికి లాంచి తప్పిపోవునని తొందర. వారికి లేదు. నా చేతికి సరిపడినదని వారికి తోచినపిమ్మటనే వెల చెప్పిరి. ఈనాటి కంపెనీలవారు ఖాతాదారునకు తగినట్లు వస్తువును మలచుట యను విద్యను గూర్చి లావుపాటి గ్రంథములు వ్రాయుచున్నారు. ఆ విద్యను నేను పదునారవ యేట బల్లకు ఇవతల నిలుచుండి చూచితిని.

నాయకత్వమను మాట పుస్తకములందు హెచ్చుగ వినబడును. ఇచ్చటి నాయకత్వము వేదికలెక్కినది కాదు. ఒకే తరిమెన ముందు పెద్దవాడు, ప్రక్కన కుర్రవాడు. పెద్దవాని చేయి కదలుటను కుర్రవాడు చూచును. పాడుచేసిన కడ్డీలు కుప్పగ పడును. కొన్నేండ్లకు చేయి కుదురును. తండ్రినుండి కొడుకునకు, కొడుకునుండి మనుమనికి ఆ విద్య వచ్చినది. ఊరిలో గైడర్ మొదలైన వేరు పేర్లతోను కలములు తయారైనవి. ఒక ఊరు ఊరంతయు కలములకు పేరుపడినది. కాగితపు మిల్లును అచ్చటనే యున్నది గనుక, వ్రాయుటకు కావలసిన సరంజామా అంతయు ఒక్క ఊరిలోనే దొరకినది. వ్రాయువారికి కొదువ యెట్లును లేదు.

ఇక రెండవ కథ చెప్పెదను. ఇది చెప్పుటకు మనసు ఒప్పుకొనకున్నను చెప్పక తప్పదు, ఏలయనగా ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్నకు ఇదియును జవాబే. మన గోదావరి మండలమున భీమవరము ప్రాంతపు కుటుంబమున పుట్టిన బి. రామలింగరాజుగారు 1987లో సత్యం కంప్యూటర్స్ అను కంపెనీని స్థాపించిరి. అది హైదరాబాదులో పెరిగి, ప్రపంచమంతట వ్యాపించి, 2001లో న్యూయార్కు స్టాకు ఎక్స్ఛేంజిలో నమోదైనది. మన పిల్లలు వేలకొలది అందు ఉద్యోగములు చేసిరి. ఈ సభలోనే అట్టివారి తల్లిదండ్రులు ఉందురు. 2005లో ఆరంభమైన 108 అంబులెన్సు సేవ వెనుకను ఆయన కృషి కలదు. ఎన్ని ప్రాణములను అది నిలిపినదో మన ఊరివారికి తెలియును. ఆయన శక్తిసామర్థ్యములను గూర్చి నాకు సందేహము లేదు.

కాని 2009 జనవరి 7వ తేదీన ఆయన తన కంపెనీ డైరెక్టర్లకు ఒక ఉత్తరము వ్రాసిరి. లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్ల రూపాయలు నిజమునకు లేనేలేవని ఒప్పుకొనిరి. ఆనాడొక్కనాడే వాటావెల నాలుగింట మూడువంతులకు పైగా పడిపోయినది. ఆ వేసవిలోపల కంపెనీ టెక్ మహీంద్రా చేతికి పోయినది. 2015లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము ఆయనను దోషిగ నిర్ణయించినది. ఆయన అప్పీలు చేసికొనిరి.

ఆ ఉత్తరములో లెక్కలవానిని ఆపివేయు సంగతి యొకటి యున్నది. వచ్చిన లాభమునకును, పుస్తకములలో చూపిన లాభమునకును మొదట ఉన్న తేడా స్వల్పమేయనియు, ఏటేట అది పెరుగుచు వచ్చినదనియు ఆయన వ్రాసిరి. నేను దీనిని నమ్ముచున్నాను. తరగతిలో రోజును చూచినదే. పిల్లవాడు మొదటి వరుసలో ఒక అంకెను తప్పు వేయును. తరువాతి వరుసలన్నియు నియమము ప్రకారము చక్కగనే చేయును. జవాబు మాత్రము ఆమడదూరమున తేలును. పిల్లవాడు మొదటి వరుసకు మరలి పోయి కొట్టివేయుటకు సిగ్గుపడును. ప్రక్కనున్న పిల్లవాడు చూచునేమోయని భయము. పై అంకెలను సర్దుచు పోవును.

ఇరువురి యెదుటను ఒక దినమున వచ్చిన ప్రశ్న ఒక్కటియే. నాది కాని కొంచెము దానిని నాదని చెప్పవలెనా? ఒకరి విషయమున అది కలములోని ఒక భాగము. వేరొకరి విషయమున లాభములోని ఒక అంకె. ఒకచోట తనిఖీ చేయువాడు కఠినుడు, కొనువాడు ఇంకను కఠినుడు. వేరొకచోట ఏటేట తనిఖీదారులు సంతకములు పెట్టుచునే యుండిరి. మనలను తిరస్కరించువారు లభించుట ఎంతటి మేలో నాకీ రెండు ఉత్తరములను ప్రక్కప్రక్కన తలచుకొన్నప్పుడెల్ల తోచుచుండును.

ఇది విని మన కుర్రవాడు ఊరకుండలేదు. తెలివైనవాడు. "సరేనండీ మాస్టారూ, ఒప్పుకున్నాను. కానీ తొంభై ఏళ్లయినా అది చిన్న కార్ఖానాయే కదా! ప్రపంచమంతా పాకలేదు. దాన్ని విజయమంటారా?" అని అడిగినాడు. అతనికి నేను అప్పుడే జవాబు చెప్పలేకపోయితిని. ఆరాత్రి నిద్రపట్టక ఆలోచించితిని. ఇప్పుడు తోచినంత చెప్పెదను.

బిరో అను హంగేరీ పత్రికా రచయిత 1938లో బాల్‌పాయింటు పెన్నుకు పేటెంటు పొందెను. 1945లో న్యూయార్కులోని ఒక పెద్ద దుకాణమున రెనాల్డ్స్ అను వ్యాపారి అట్టి పెన్నును 12 డాలర్ల 50 సెంట్లకు అమ్మగా జనము విరగబడి కొనిరి. రెనాల్డ్స్ అను పేరు మన పిల్లలకును తెలిసినదే. క్రమముగ ఆ పెన్ను రూపాయలలోనికి దిగినది. సిరాబుడ్డి యక్కరలేదు, కారుట లేదు, అయిపోయిన పారవేయవచ్చును. బడులలో సిరాకలము పోయినది. సిరా ఒలికిన చోట సుద్దముక్క అద్దుట ఈనాటి పిల్లలకు తెలియదు. కలములు చేయువారిలో అనేకులు పని మానుకొనిరి. తరిమెన ముందు కూర్చుండుటకు కుర్రవారు రాలేదు. ఇది నిజము. దీనిని దాచి ఆ పరిశ్రమ దినదినాభివృద్ధి చెందినదని నేను చెప్పినచో, ఇంతసేపు చెప్పిన మాటలకు అర్థముండదు.

ఆ సమయమున వారు బాల్‌పాయింటు యంత్రములు తెచ్చి, లక్షలకొలది పెన్నులు పోసియుండవలసినదా? వ్యాపారశాస్త్రము చదివినవారు అవునందురు. నేనును కొంతకాలము అట్లే అనుకొంటిని. ఇప్పుడును పూర్తిగ కాదనలేను. పదిమందికి పని దొరకెడి చోట వేయిమందికి దొరకియుండెడిదేమో. కాని లక్షలు పోసినవారిలో ఎన్ని పేర్లు మనకు జ్ఞాపకమున్నవి? రాజమహేంద్రవరమున ఎబొనైటు కలము ఇప్పటికిని చేతితో తయారగుచున్నది. ఎచ్చటెచ్చటి దేశములలోనో యున్న కలముల అభిమానులు పేరుపెట్టి అడిగి తెప్పించుకొనుచున్నారు. పెద్దదగుటయు, నిలుచుటయు వేరువేరు కోరికలు. రెంటిని ఒక్కతూరి పొందినవారును లోకమున లేకపోలేదు. నీకు ఏది కావలెనో ముందే తెలిసికొనుమని మాత్రము అతనితో అంటిని. "రెండూ కావాలండీ" అన్నాడు. ఆ వయసున నేనును అట్లే అందును.

అతడు తన మిత్రులిద్దరితో కలసి, చేపల చెరువులలో నీటి గుణమును కొలిచి చరవాణికి తెలుపు చిన్న యంత్రము నొకటి చేయుచున్నాడు. మన ప్రాంతమునకు పనికివచ్చు వస్తువే. మొన్న నాకు చూపినాడు. పెట్టె తానే చేసినాడు, లోపలి లెక్కల విధానమును తానే వ్రాసినాడు. నీటిని కొలుచు కొన మాత్రము బయటనుండి కొన్నాడు. పెట్టెమీద 'పూర్తిగా మన దేశములో తయారైనది' అని అచ్చువేయించిన కాగితము అంటించియున్నది. నేనేమియు అనలేదు. రత్నముగారి కథ చెప్పితిని. మరునాడు గ్రంథాలయమునకు వచ్చినప్పుడు ఆ కాగితమును చించివేసితినని చెప్పినాడు. ఆ కొనను చేయుట ఎట్లో తెలుపు పుస్తకము మన గ్రంథాలయమున ఉన్నదా అని అడిగినాడు. లేదు. కార్యవర్గమువారు ఈ రజతోత్సవ నిధిలోనుండి రసాయన, విద్యుత్ శాస్త్రములకు సంబంధించిన పుస్తకములు కొన్నింటిని, తెలుగున దొరకినవి తెలుగున, దొరకనివి ఇంగ్లీషున, కొని తెప్పింపవలెనని ఈ సభాముఖమున కోరుచున్నాను. పట్టికను నేను తయారుచేసి యిత్తును.

మా నాయనగారు కొనియిచ్చిన కలమును ఈనాడు వెంట తెచ్చితిని. పాళీ ఒకసారి మార్పించితిని, మిగిలినదంతయు ఆనాటిదే. దానిని గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. పుస్తకముల పద్దులు దానితో వ్రాయించుడని కార్యదర్శిగారికి మనవి. నా చేతినుండి రెండుసార్లు నేలబడుటచేత మూతదగ్గర సన్నని చీలిక యొకటి యేర్పడినది. అచ్చట కొంచెము సిరా చెమర్చును. అద్దుడు కాగితము ప్రక్కన నుంచుకొనుడు. సిరాబుడ్డి కూడ తెచ్చితిని, అదిగో బల్లమీద నున్నది.